కోరంగి మడయడవి - కాగితపు హద్దులు

గౌతమీ గోదావరి సముద్రమును చేరు తావున, కాకినాడకు దక్షిణముగా, కోరంగి మడయడవి గలదు. ఒకప్పుడు కోరంగి ఓడల రేవు. 1789, 1839 సంవత్సరముల యుప్పెనలు దాని వైభవమును తుడిచివైచినవి. రేవు పోయినది; తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు మాత్రము పోటునీటిలో నిలిచియున్నవి. వాని వేళ్ల సందునే రొయ్యపిల్లలును, పీతలును పెరుగును.

ఈ యడవికి చట్టములు కొదువ కాలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము రిజర్వు అడవికి హద్దు లేర్పరచు పద్ధతిని విధించినది. గడువులోపల తెలుపుకొనని హక్కు రద్దగునని యందు గలదు. వేటకు పోయిన పల్లెకారునికి గెజెటు చదివి వినిపించు వారెవరో చట్టము నిశ్చయముగా నెరుగదు! 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చినది. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశము అభయారణ్యమైనది.

చిక్కు హద్దులోనే యున్నది. మెట్టపొలమునకు గట్టురాయి పాతవచ్చును. ఏరు ఒకవైపు మేటవేసి, వేరొకవైపు కోసికొనిపోవు చోట రాయి యెట్లు నిలుచును? మడవిత్తు నీటిపై తేలిపోయి మెత్తని బురదలో నాటుకొనును. అది రిజర్వు అడవియో, పోరంబోకో విచారింపదు. హద్దు లోపలి చెట్టునకు అటవీశాఖ కాపు. వెలుపలి చెట్టు రెవిన్యూ లెక్కలో చెట్టే కాదు, ఖాళీ నేల. రొయ్యల చెరువులకు తొలుత లోకువైనది అట్టి నేలయే.

1991 ఫిబ్రవరి 19 నాటి కేంద్ర ప్రకటన తీరమున పోటుగీటునుండి 500 మీటర్ల వరకు కట్టుబాట్లు విధించినది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ముంచి వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. తరువాతి నెల 11వ తేదీన, పాతపద్ధతి సాగు మినహా, ఆ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగింపవలెనని సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఆ మరునాడే వేరొక వ్యాజ్యమున, భూమి యెవరిదైనను నిఘంటువు అడవి యన్నది అడవియే యనినది.

ఆ రెండు తీర్పుల బలమును నిలువలేదు. 2005 నాటి తీర జలసాగు చట్టము, పోటుగీటుకు 200 మీటర్ల లోపల కొత్త చెరువులకు అనుమతి మాన్పుచునే, 1991 నాటి నిషేధము ఈ సాగునకు ఆదినుండియు వర్తింపనట్లే భావింపవలెననినది. గడచిన కాలమును దిద్దుట శాసనకర్తలకే చెల్లును. 2023 సవరణ అడవియను మాటను లెక్కలకెక్కిన భూములకు కుదించినది. రాష్ట్రములు అటవీభూముల పట్టికలు ముగించువరకు పాత యర్థమునే పాటింపవలెనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తాత్కాలికముగా నాదేశించినది. కోరంగి హద్దుకు వెలుపల బురదలో మొలచిన మడచెట్టును ఆ పట్టికలో చేర్చుటయో, పోరంబోకుగానే విడుచుటయో చేయవలసినది లెక్క వ్రాయు చేయియే.