అసూర్యంపశ్యలు



పూర్వం రాణివాసపు స్త్రీలను అసూర్యంపశ్యలు అనేవారు. సూర్యుణ్ణి సైతం చూడనివారని అర్థం. అదో గొప్ప! ఎండలో తిరిగేది కూలినాలి చేసుకునేవాళ్లేనని లెక్క. ఆ గొప్ప ఎముకలకు ఎంత చేటో తెలియడానికి చాలా కాలం పట్టింది.

చిన్నపిల్లల ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వచ్చే జబ్బును రికెట్స్ అంటారు. ఎండ కరువైన చోటే ఇది ఎక్కువని 1890లోనే పామ్ అనే మిషనరీ డాక్టరు రాశాడు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1919లో బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ అనే వైద్యుడు పాదరసపు దీపం వెలుగుతో ఈ జబ్బును నయం చేసి చూపించాడు. ఆ ఏడాదే హారియట్ చిక్ అనే శాస్త్రజ్ఞురాలు, తోటి మహిళలతో కలిసి, యుద్ధంతో తిండికి అలమటిస్తున్న వియన్నా నగరానికి వెళ్లింది. అక్కడి పసిపిల్లల ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి చూస్తూ, కాడ్‌లివర్ నూనె పట్టినా, ఎండ తగలనిచ్చినా జబ్బు తగ్గుతుందని 1922 నాటికి తేల్చారు. ఆడవాళ్లు చేసిన ఈ పని మనకు ఎవరూ చెప్పరెందుకో!

ఆ 1922లోనే మన దేశంలో, నాసిక్‌లో, హచిసన్, షా అనే వైద్యులు మరో సంగతి రాశారు. పరదా పాటించే కలిగినవారి ఇళ్లలో రికెట్స్ కనిపించింది. అంతకంటే నాసి తిండి తింటూ, ఆరుబయట కష్టపడే పేదల్లో అది అరుదు.

ఇక మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చూడండి. 2016 దాకా ఇవన్నీ పాలమూరు జిల్లాయే. అక్కడ ఎండకేం కొదవ? అయినా గద్వాల చీర నేసే మనిషి పగలంతా ఇంట్లో గుంటమగ్గం దగ్గరే. వేరుశనగ చేలో కూలీకి పొద్దంతా ఎండే. ఒకరికి తక్కువ, ఒకరికి మరీ ఎక్కువ.

ఎక్కువైతే లాభం కూడా ఎక్కువేనా అంటే, కాదు. చర్మం కావలసినంత తయారుచేసుకున్నాక, మిగిలినదాన్ని ఆ ఎండే విరగ్గొట్టేస్తుంది. ఆపైన మిగిలేది కమిలిన చర్మం, వడదెబ్బ. 2015 వడగాల్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణలవారే.

పొద్దుటి లేత ఎండ మంచిదని అందరం అంటాం కదూ? హాయిగా ఉంటుంది గాని, విటమిన్ డి ఇచ్చే కిరణాలు అందులో బహు స్వల్పం. మన ప్రాంతంలో పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండే అందుకు మేలని తిరుపతి వైద్యులు పరీక్షించి 2013లో ప్రకటించారు. కిటికీ అద్దం మూసి కూర్చుంటే ఏ వేళైనా లాభం లేదు. అలాగని మే నెలలో మిట్టమధ్యాహ్నం మిద్దెక్కకండి! పనిచేసేది వేడి కాదు, కిరణాలు. చలికాలపు మధ్యాహ్నం ముఖానికి, చేతులకు కాసేపు తగలనివ్వండి. వేసవిలో అయితే కొద్ది నిమిషాలు చాలు, వెంటనే నీడకు రావాలి. మన అమ్మమ్మలు వడియాలు పెడుతూ, మిరపకాయలు తిరగేస్తూ తెలియకుండానే ఎండ సంపాదించారు. మనకిప్పుడు వడియాలు పొట్లాల్లో వస్తున్నాయి, ఇళ్లేమో గాలీ వెలుతురూ లేని ఫ్లాట్లు.

ఆ ఫ్లాట్లు కట్టడానికి పాలమూరు నుంచి వలస వచ్చిన ఆడవాళ్లు ఇసుక తట్టలు మోస్తున్నది మాత్రం ఆ పదకొండు, రెండు గంటల మధ్యనే. మీ వీధిలో ఇల్లు లేస్తుంటే, ఆ వేళ వాళ్లకు కాస్త నీడ ఉందో లేదో మేస్త్రీని అడగండి. ఓ కుండెడు ఉప్పు మజ్జిగ పంపండి.