రూప్‌కుండ్ సరస్సు

గఢ్వాల్ హిమాలయములందు త్రిశూల పర్వతము క్రింద, సముద్రమట్టమునకు 5,000 మీటర్ల పైని, రూప్‌కుండ్ అను చిన్న సరస్సు కలదు. ఏడాదిలో అధికకాలము అది మంచుగడ్డయే. 1942లో అటవీశాఖ ఉద్యోగి యొకరు దాని యొడ్డున మానవాస్థికలను చూచిరి. అవి వందలాది మందివి. అది యుద్ధకాలము, జపాను సైనికులవేమో యని కొందఱు శంకించిరి.

కొండప్రజలు చెప్పు కథ వేఱు. నర్తకీమణులను వెంటబెట్టుకొని నందాదేవి యాత్రకు వచ్చిన కనౌజు రాజు దేవి యాగ్రహమునకు గురియై, వడగండ్ల వానలో సపరివారముగ నశించెనట. కొన్ని పుఱ్ఱెలపై దెబ్బలను చూచి పండితులును వడగండ్ల మాటను నమ్మిరి.

2019లో వెలువడిన పరిశోధన 38 మంది యస్థికలను పరీక్షించినది. ఇందు హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాల్గొనిరి. వారిలో 23 మంది దక్షిణాసియా వారు. 7-10 శతాబ్దముల నడుమ, ఒక్కమాఱు గాక పలుమాఱులుగ మరణించినవారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతీయులు. వీరు గతించినది 1800 ప్రాంతమున! ఒకరు ఆగ్నేయాసియా వారు. గ్రీకు దేశమువైపు జనులు ఈ మంచుకొండల కేల వచ్చిరో తెలుపు ఆధారము లేదు.

అయినను కథను త్రోసిపుచ్చుటకు మేము తొందరపడము. నందాదేవి యాత్రామార్గము ఈ యొడ్డుననే సాగి జునార్‌గలీ కనుమ నెక్కును. తొలి మృతులలో యాత్రికు లుండుట సహజమే.

మాకు బాధ కలిగించునది వేఱొకటి. వినోదమునకై వచ్చిన పర్వతయాత్రికులు ఎందఱో ఆ యెముకలను జ్ఞాపికలుగ సంచులలో వేసికొని పోయిరి. మిగిలినవి చెల్లాచెదరైనవి. ఏ పుఱ్ఱె ఏ దేహమునకు చెందినదో, ఎవరి ప్రక్క నెవరు పడియుండిరో ఇక చెప్పనలవి కాదు.