కనిపించని కిరణానికి కొలబద్ద

1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశంలో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. లోకమంతా ఆ వింతకు అబ్బురపడినది గాని, కిరణాలను సరిగా కొలిచే సాధనం చాలాకాలం వైద్యులకు లభించలేదు. రోగి చర్మం ఎంత కందితే అంత మోతాదు పడినట్లు లెక్క. హాని కలిగిన తరువాతనే కొలత తెలిసేది. యంత్రం పనిచేస్తున్నదా అని తమ చేతులనే అడ్డుపెట్టి చూచుకొన్న వైద్యులు పలువురు వేళ్ళనూ, కొందరు ప్రాణాలనూ కోల్పోయారు. 1936లో హాంబర్గు నగరంలో అట్టివారి స్మారకంగా నిలిపిన శిలపై 169 పేర్లు చెక్కబడ్డాయి.

1927లో మల్లర్ ఈ కిరణాలు ఈగలలో వంశపారంపర్యమైన మార్పులు కలిగిస్తాయని నిరూపించాడు. 1928లో స్టాక్‌హోం మహాసభ 'రాంట్‌జెన్' అనే కొలమానాన్ని అంగీకరించి, రక్షణ నియమాలకై ఒక సంఘాన్ని ఏర్పరచినది.

ఆ పిమ్మట ఆరేండ్లకు, 1934లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలసినది. కాన్సరుతో తన సోదరిని కోల్పోయిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదల ఫలితంగా 1954లో అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైనది. ఆ దశకంలోనే అక్కడికి కెనడా దేశపు కోబాల్ట్-60 యంత్రం వచ్చినది. కోబాల్ట్ శక్తి సుమారు 5 సంవత్సరాల 3 నెలలలో సగానికి తగ్గిపోతుంది. అంటే నెలకు ఇంచుమించు నూటికి ఒక వంతు. లెక్క సరిచూడక మోతాదు తక్కువైతే వ్యాధి మిగులుతుంది. ఎక్కువైతే ఆరోగ్యవంతమైన కణాలు నశిస్తాయి. రోగి ప్రాణం ఆ కొలతపైనే ఆధారపడి ఉంటుంది.

ఈ విద్యలో తెలుగువారి పాలు కూడా కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్యాసి అయికూడా ఐరోపాలో కిరణ వర్ణపటాలపై పరిశోధించి, తరువాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు.

చెన్నైకి దక్షిణాన గల కల్పాక్కంలో 1971లో రియాక్టర్ పరిశోధనా కేంద్రం ఏర్పడినది. 1985లో దానికి ఇందిరాగాంధీ పేరు పెట్టారు. ఆ తీరపు ఇసుకలోనే థోరియం గల మోనజైట్ ఉన్నది. కనుక అక్కడ కొలిచేవారు ప్రకృతి ఇచ్చినదెంత, కర్మాగారం చేర్చినదెంత అని వేరుచేయవలసి ఉంటుంది. భూమి, ఆకాశం, గాలి, ఆహారం ద్వారా మానవునికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు చేరుతాయని అంతర్జాతీయ అంచనా.

మోనజైట్ సమృద్ధిగా గల కేరళలోని కరునాగపల్లి ప్రాంతంలో 69,958 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాలలో సహజ కిరణాల వలన కాన్సరు పెరిగినట్లు కనబడలేదు. అయినను స్వల్ప మోతాదుల ప్రభావంపై శాస్త్రజ్ఞుల చర్చ ముగియలేదు. అధిక మోతాదు హానికరమన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

అజ్ఞానం వలన కలిగే ధైర్యమూ, అజ్ఞానం వలన కలిగే భయమూ రెండూ ప్రమాదకరమే. ఈ రెంటినీ తొలగించునది సరియైన కొలత. దానిని నేర్పునది పాఠశాలలోని తొలి తూనికలు, కొలతల పాఠమే.