పెనుకొండలో ఉప్పు రొయ్య

గాజు తలుపు తోయగానే వెల్లుల్లి, నువ్వులనూనె, నిప్పు మీద కాలుతున్న మాంసం, మూడు వాసనలూ కలిసి మొహానికి తగులుతాయి. బయట పెనుకొండ గుట్టల మీద ఎండ ఇంకా దిగలేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్త కార్లను ఎక్కించుకున్న ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. లోపల గోడ మీద కొరియన్ అక్షరాల్లో వంటల పట్టిక. ఉన్నవి కొద్ది బల్లలే. ఒక్కో బల్ల నడిమధ్య గుండ్రటి పొయ్యి, దాని మీదికి పైకప్పు నుంచి దిగిన పొగగొట్టం.

"అబ్బాయ్, ఇక్కడెక్కడో రొయ్యలున్నాయిరా. పచ్చివి కాదు, ఉప్పులో ఊరినవి" అంటుంది మా పెద్దమ్మ, ఇంకా గుమ్మంలోనే చెప్పులు విప్పుకుంటూ.

ఆవిడ ముక్కు మీద నాకు పూర్తి నమ్మకం. దివిసీమలో కోడూరు మండలం పాలకాయతిప్ప ఆవిడది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి పక్కనే. ఊహ తెలిసినప్పటి నుంచీ వలలోంచి దిగిన చేపని ఎండబెట్టి అమ్మడమే పని. బందరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ధర్మవరంలో దిగి, కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుకంటే మా అన్నయ్య. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. "మా ఆఫీసులో కొరియా వాళ్లు రోజూ తినే చోటికి తీసుకెళ్తానమ్మా" అని వాడే బయలుదేరదీశాడు.

2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. యంత్రాల వెంట ఇంజినీర్లు, వాళ్ల వెంట విడిభాగాల కంపెనీలు, ఆ వెనకే వీళ్లందరికీ అన్నం వండిపెట్టే కుటుంబాలు. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని చేసుకున్న ఊళ్లో ఇప్పుడు రోడ్డు పక్కన కొరియన్ బోర్డులు కనిపిస్తాయి. ఈ హోటలూ అలాంటిదే. పొయ్యిల దగ్గర భర్త, వంటగదిలో భార్య, గల్లాపెట్టె దగ్గర చదువుకునే వయసు కొడుకు. వడ్డించడానికి మాత్రం ఇక్కడి అమ్మాయి.

"కూర్చోండి మా" అని నీళ్లు పెడుతుంది ఆ అమ్మాయి. నీళ్లు కావవి, వేయించిన బార్లీ కాచి వడబోసిన లేత గోధుమరంగు పానీయం. పెద్దమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దించకుండా మిగతాదీ తాగేస్తుంది.

మనం ఏమీ చెప్పకముందే బల్ల నిండుతుంది. చిన్న చిన్న గిన్నెలు వరసగా దిగుతాయి. నువ్వులనూనెలో కలిపిన సోయా మొలకలు, చుట్టలా చుట్టి కోసిన గుడ్డట్టు, ఎర్రగా ఊరిన ముల్లంగి ముక్కలు, కిమ్చి, చివరికి నిగనిగలాడే సన్నటి చేపలు. ఇవేవీ బిల్లులోకి రావు. ఖాళీ అయినకొద్దీ నింపుతారు. వాళ్ల భాషలో వీటిని బంచన్ అంటారు. పట్టిక చూసి ఖరీదైనది ఏరుకునే ముందు వీటిని ఒక్కొక్కటే రుచి చూడాలని నా అభిప్రాయం. ఆ ఇంటి చెయ్యి ఎలాంటిదో ఇక్కడే తెలిసిపోతుంది. మాంసం ఎవరు కాల్చినా కాలుతుంది.

పెద్దమ్మ వేళ్లు ముందు ఆ సన్నచేపల మీదికే పోయాయి.

"నెత్తళ్లు!"

అవును, నెత్తళ్లే. వేలెడంత కూడా లేవు. తలా తోకా అన్నీ ఉన్నాయి. పైన నువ్వులు చల్లారు. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని నమిలి, కనుబొమలు ముడిచి, ఇంకొకటి వేసుకుంది.

"తియ్యగా ఉందేంట్రా? నెత్తళ్లలో పాకం పోశారా?"

"సోయా సాసు, చక్కెర వేసి వేయిస్తారు మా" అంటుంది వడ్డించే అమ్మాయి. "నాకూ మొదట్లో పట్టలేదు. ఇప్పుడైతే ఇంటికి కూడా తీసుకుపోతా."

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. ఎండునెత్తళ్లని ఆవిడ వంకాయలో వేస్తుంది, చింతచిగురులో వేస్తుంది, ఏమీ లేనినాడు ఉల్లిపాయతో వేపుతుంది. తీపి మాట ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "బాగానే ఉంది. అన్నంలోకి కాదు, ఊరికే తినడానికి" అని తీర్పు చెప్పి గిన్నె తన వైపుకి లాక్కుంది.

ఇక కిమ్చి. ఆకు విడదీయకుండా పొడుగ్గా కోసిన చైనా క్యాబేజీ. ఒక పొరను వేళ్లతో ఎత్తి వెలుతురుకి పట్టి చూడండి. కాడ గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఉప్పు దానిలోని నీళ్లన్నీ లాగేసింది కనక. ఆకు మడతల్లో ఎర్రటి ముద్ద అంటుకుని ఉంటుంది. మిరపపొడి, వెల్లుల్లి, అల్లం, పలచటి బియ్యప్పిండి జావ, ఇంకేదో. కొరికితే ముందు కరకర, తర్వాత పులుపు, ఆ తర్వాత నాలుక వెనక్కి మెల్లగా పాకే సముద్రం. కారం మాత్రం కళ్లకు కనిపించినంత లేదు. కృష్ణ దాటితే గుంటూరు మిరప పండే నేల మాది. ఈ ఎరుపు చూసి పెద్దమ్మ ముందే నీళ్లు దగ్గర పెట్టుకుంది, వాటి అవసరం పడలేదు.

"ఇదిగో, ఇందులోనేరా. నేను చెప్పలా? ఉప్పు రొయ్య."

అమ్మాయి లోపలికి వెళ్లి ఏం చెప్పిందో, వంటగది తెర తొలగించుకుని ఇంటావిడే వచ్చింది. యాభై దాటినావిడ. మోచేతుల దాకా చేతితొడుగులు, జుట్టు మీద గుడ్డ. చేతిలో ఒక సీసా. మూత తీసి పెద్దమ్మ ముందు పెట్టింది. బూడిదా గులాబీ కలిసిన రంగులో, గోరంత రొయ్యలు, వాటి ఉప్పునీళ్లలోనే మునిగి ఉన్నాయి. నల్లటి కంటి చుక్కలు సీసా నిండా కనిపిస్తున్నాయి. కొరియా పశ్చిమ తీరంలో పట్టి, పట్టగానే ఉప్పేసి నెలల తరబడి ఊరబెడతారు. చాంద్రమానం ఆరో నెలలో పడిన రొయ్యతో పెట్టినదే అన్నిటికన్నా మేలైనదని వాళ్ల లెక్క. ఇది లేని కిమ్చిని వాళ్లలో చాలామంది ఒప్పుకోరు. చారులో, గుడ్డులో కూడా ఉప్పుకి బదులు దీన్నే వేస్తారు.

పెద్దమ్మ చిటికెనవేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఇంటావిడ ఆవిడ మొహాన్నే చూస్తోంది.

"మేం ఎండకిస్తాం. వీళ్లు ఉప్పుకిచ్చారు" అంది పెద్దమ్మ. అమ్మాయి దాన్ని తనకొచ్చిన కొరియన్‌లో చెప్పింది. ఆ మాటలు ఎంతవరకు అందాయో కాని, ఇంటావిడ గబగబా తలూపి, ఖాళీ అయిన నెత్తళ్ల గిన్నెను అడక్కుండానే తీసుకుపోయింది. నింపి తెచ్చింది, ఈసారి కుప్పగా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ సీసా సముద్రాలు దాటి, అక్కడినుంచి రోడ్డు మీద వందల కిలోమీటర్లు వచ్చింది. అలాంటి చిన్న రొయ్యే మన తీరంలో ఇసుక మీద ఎండుతుంది. మంచిది మనుషుల వంటల్లోకి పోతే, మిగిలింది కోళ్ల దాణాకి పోతుంది. రోజంతా ఎండలో వంగి దాన్ని తిరగేసే ఆడవాళ్లకు దక్కేది చాలా తక్కువ. రొయ్యలో లోపం లేదు. ఎండబెట్టే చోట శుభ్రమైన చప్టా, నిల్వ చేసే గది, నేరుగా కొనే మనిషి ఉంటే దాని విలువ వేరు.

ఈలోగా పొయ్యి వెలిగింది. అన్నయ్యకీ నాకూ పంది మాంసం, మందపాటి పట్టీల్లా. ఇంటాయన వాటిని పరిచి, కొవ్వు కరిగి చిటపటలాడే దాకా కదిలించకుండా ఉంచి, ఒక్కసారి తిప్పి, కత్తెరతో ముక్కలు చేస్తాడు. వంటకి కత్తెరేమిటని అనుకుంటాం గాని, అంత సమంగా కత్తితో కోయలేం. పెద్దమ్మ పంది తినదు. ఆవిడకి ఉప్పు పట్టించి కాల్చిన కానాగంత తెచ్చారు. తోలు పెళుసెక్కి అక్కడక్కడ నల్లబడింది, లోపలి కండ పొరలు పొరలుగా విడుతోంది.

అప్పుడు ఇంటావిడ చేతితొడుగులు తీసి, మా బల్ల పక్కన ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. సన్నటి, బల్లపరుపు స్టీలు పుల్లలతో కానాగంత వెన్నెముకని ఒక్క లాగుతో బయటికి తీసింది. ముల్లు మీద కండ మిగల్లేదు, కండలో ముల్లు మిగల్లేదు. చేపని చేతితో తప్ప దేనితోనూ తినని పెద్దమ్మ ఆ పుల్లల మీంచి చూపు తిప్పలేదు. తర్వాత ఇంటావిడ అరచేతిలో లెట్యూస్ ఆకు పరిచింది. దాని మీద కొంచెం అన్నం, చేప ముక్క, కాల్చిన వెల్లుల్లి రెబ్బ, సోయా ముద్ద, కిమ్చి కొస. ఆకు నాలుగు మూలలూ కలిపి ఉండ చేసి, ఆ ఉండను తన చేత్తోనే పెద్దమ్మ నోటి దగ్గరకు తెచ్చింది.

పెద్దమ్మ నన్నోసారి చూసింది. తర్వాత నోరు తెరిచింది. మా అమ్మమ్మ పెట్టే గోరుముద్దంత ఉంది ఆ ఉండ, బుగ్గ ఉబ్బిపోయింది. దాన్ని కొరికి రెండుసార్లుగా తినకూడదట, ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలట. కావలసినవాళ్లకి అలా చుట్టి నోట్లో పెట్టడం వాళ్ల ఆనవాయితీ అని అన్నయ్య చెప్పేలోపే, పెద్దమ్మ కుడిచెయ్యి కడుక్కుని వచ్చి, ఆకు తీసుకుని, తనూ ఒకటి చుట్టి ఆవిడ నోట్లో పెట్టింది. గల్లాపెట్టె దగ్గర కుర్రాడు ఫోన్ పక్కన పడేసి లేచి చూస్తున్నాడు.

చివర్లో మంటతో సహా పెద్ద గిన్నె వచ్చింది. ఎర్రటి పులుసులో సాసేజీలు, డబ్బా మాంసం, చిక్కుడు గింజలు, కిమ్చి, నూడుల్స్, అన్నీ కలిసి ఉడుకుతున్నాయి. బుదేజిగే దాని పేరు. 1950 నుంచి 53 దాకా సాగిన కొరియా యుద్ధం తర్వాత, అమెరికా సైనిక శిబిరాల నుంచి బయటపడిన డబ్బా మాంసాన్ని ఆకలితో ఉన్న జనం తమ కిమ్చిలో వేసి కాచుకున్న కూర ఇది. అన్నయ్య ఈ కథ చెబుతుంటే పెద్దమ్మ గరిటె కింద పెట్టేసింది.

"ఉప్పెన పోయాక మాకూ అంతేరా. ఎవరెవరో పొట్లాలు తెచ్చారు. ఏది ఎవరిదో, ఏది దేంట్లో వేయాలో చూశామా? ఒకే కుండలో వేసి కాచాం. మా నాన్న తాగాడు, పక్కింటి పిల్లలు తాగారు. వాళ్లకి అమ్మ లేదు అప్పటికి."

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అది. అధికారుల లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. ఆ రాత్రి గురించి పెద్దమ్మ ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడదు. అమ్మాయి ఆ మాటల్ని మెల్లగా, ఆగి ఆగి కొరియన్‌లోకి మార్చింది. ఇంటావిడ తన వాళ్ల సంగతి ఏదో చెప్పింది, అమ్మమ్మ అన్న మాట ఒక్కటే మాకు అందింది. పెద్దమ్మ గరిటె అందుకుని ముందు ఆవిడకే పులుసు పోసింది.

కడుపు నిండాక పుల్లటి పండ్ల ముక్కలు వచ్చాయి. అన్నయ్య డబ్బులు తీస్తుంటే పెద్దమ్మ తన చేతిసంచిలోంచి కొడుక్కి తెచ్చిన పొట్లం బయటికి లాగింది. పాత పేపర్లో చుట్టిన ఎండురొయ్యలు. తల, పొట్టు రాలిపోయేలా గోనెలో వేసి కొట్టి చెరిగినవి, లేత నారింజ రంగువి. ఇంటావిడ గుప్పెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి విరిచి లోపల చూసింది. ఒకటి నమిలింది. భర్తని పిలిచింది, ఆయనా నమిలాడు. ఇద్దరూ తమలో తాము వేగంగా మాట్లాడుకున్నారు.

"కిలో ఎంతని అడుగుతున్నారు మా. జాస్తి కావాలంట."

"ధర తర్వాత చెప్తాను. ముసుర్లో ఎండిన సరుకు నేను పంపనని ముందు చెప్పు. అది వాసనొస్తుంది, మాట పోతుంది. సంక్రాంతి దాటాక ఎండే రొయ్యైతే చెయ్యి పెడతాను." పెద్దమ్మ పీట ముందుకి జరుపుకుంది. "అన్నట్టు, ఉప్పేసింది కావాలా, చప్పటిది కావాలా? అది సరిగ్గా అడుగమ్మాయ్. ఎండబెట్టే పద్ధతే మారిపోద్ది."