సంస్థానాల బందూకులు – బోరు లెక్క, తూటా బరువు

మన సంఘం ప్రత్యేక సంచికకు పాలమూరు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మిత్రులు కోరారు. గద్వాల కోట గురించి, వనపర్తి ప్యాలెస్ గురించి చాలామంది వ్రాశారు. రెవెన్యూ శాఖలో ఆయుధ లైసెన్సుల సీటులో చాలా ఏండ్లు పనిచేసినవాణ్ణి కనుక, ఆ కోటల నుంచి మన ఇండ్లలోకి వచ్చిన బందూకుల గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం) సంస్థానాలకు సొంత బలగాలు ఉండేవి. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు కూర్చిన సిద్దీల ఆశ్విక దళమే తర్వాత నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట పేరు దాని నుంచి వచ్చిందే. నాగర్‌కర్నూల్ వైపు నల్లమలలో, మన్ననూరు పైనున్న ఫరహాబాదు నిజాంల వేట విడిది. 1948 పోలీసు చర్య, 1949 జాగీర్ల రద్దు తర్వాత సంస్థానాలు పోయాయి. బందూకులు మాత్రం వారసులకు, ఊరి పెద్దలకు మిగిలాయి.

వాటిలో మొదటి రకం భర్మారు. గొట్టం మూతి నుంచి మందు, గుడ్డ, ఛర్రాలు దట్టించి పేల్చేది. ఎంత మందు పోయాలన్నది పోసేవాడి చేతిలోనే ఉండేది. రెండో రకం మడిచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకి. ఇందులో 12, 16, 20 బోర్లున్నాయి.

బోరు అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఒక పౌను (453.6 గ్రాములు) సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే, ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. ఆ గుండు బరువు 37.8 గ్రాములు. 16 బోరుకు 28.35, 20 బోరుకు 22.7 గ్రాములు. గొట్టం లోపలి వ్యాసం 12 బోరుకు సుమారు 18.5 మిల్లీమీటర్లయితే, 20 బోరుకు 15.6 మాత్రమే.

పాత 12 బోరు తూటాలో ఛర్రాలు సుమారు 30 గ్రాములు, అంటే రెండున్నర తులాలు. 20 బోరులో 23 గ్రాములు, రెండు తులాలు. సన్న గొట్టంలో అంతకు మించి వేస్తే ఛర్రాల వరుస పొడవవుతుంది, రాపిడి పెరుగుతుంది, వెనుక మందు వాయువు ఒత్తిడి హెచ్చుతుంది. గట్టి దెబ్బ కావాలని బరువు పెంచిన వేటగాండ్లు దీన్ని గమనించలేదు.

ఇంగ్లీషు తుపాకుల తయారీదారు గ్రీనర్ దీనికొక సులువైన లెక్క చెప్పాడు. తుపాకి బరువు ఛర్రాల బరువుకు 96 రెట్లు ఉండాలి. 23 గ్రాములకు 2.2 కిలోల తుపాకి చాలు. అదే తుపాకిలో 35 గ్రాముల మాగ్నం తూటా పేల్చాలంటే 3.36 కిలోలుండాలి. తేలిక తుపాకి భుజాన్ని కొడుతుంది, దాని కీళ్ళూ వదులవుతాయి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక రైతు తాతల నాటి 16 బోరును సరెండరు చేయడానికి తెచ్చాడు. గొట్టానికీ వెనుక పలకకూ మధ్య కాగితం దూరేంత సందు కనిపించింది. ఇంట్లో నింపిన బరువు తూటాలు ఏండ్ల తరబడి కాల్చారట. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకొక మోసం తూటా పొడవులో ఉంది. పెట్టె మీద 70 మి.మీ. అని ఉంటే, అది పేలిన తర్వాత విచ్చుకున్న పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కనుక 65 మి.మీ. గదిలో హాయిగా పడుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు. గది ముందు ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. తూటా పట్టింది కదా అని పేల్చడం ఈ కారణంగానే తప్పు. 20 బోరు తూటా పొరపాటున 12 బోరులో పడితే అది జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనుక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది. అందుకే 20 బోరు తూటాలకు పసుపు రంగు వేస్తారు.

నల్లమందు కాలపు అల్లిక ఉక్కు (డమాస్కస్) గొట్టాలలో నేటి పొగలేని మందు తూటాలు పేల్చరాదు. ఇంగ్లండులో 1904 నుంచి నైట్రో ప్రూఫ్ గుర్తుతోపాటు, తట్టుకోగల ఛర్రాల బరువునూ గొట్టం మీద కొట్టేవారు. ఆ గుర్తు లేని తుపాకిని గోడకు తగిలించుకోవడమే మేలు. అదికూడా లైసెన్సు ఉంటేనే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ తర్వాత వేట ముగిసిన కథ. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా భర్మారులను ప్రస్తావిస్తుంది గానీ, అడవిపందిని కొట్టడానికి వేరే అనుమతి కావాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోరాదు. పోలీసు స్టేషనులోగానీ, లైసెన్సున్న డీలరు వద్దగానీ జమ చేసి, తర్వాత తమ పేర దరఖాస్తు పెట్టుకోవాలి.

మన సభ్యులలో చాలామంది ఇండ్లలో తండ్రుల, తాతల బందూకులున్నాయి. అవి పౌరుషానికి గుర్తులే కావచ్చు. కాని మనుమలకు చూపే ముందు బోరు, గది పొడవు, ప్రూఫ్ గుర్తు ఈ మూడూ అనుభవమున్న మరమ్మతుదారుతో చూపించండి. తుపాకి ఖాళీగా ఉందో లేదో మొదట మీరే చూడండి. అనుమానముంటే పేల్చకండి.