పదేళ్ల పాప అడిగిన ఆటోగ్రాఫు

పెద్దల సభకు పిల్లల్ని తీసుకుపోదామంటే "వాళ్లకేం అర్థమవుతుందిలే" అంటాం మనలో చాలామందిమి. ఆ మాట ఎంత పొరపాటో కలాం గారి జీవితమే చెబుతుంది.

అబ్దుల్ కలాం గారు 1931 అక్టోబరు 15న రామేశ్వరంలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ గారు పడవ కట్టించి యాత్రికులను ధనుష్కోటికి చేరవేసేవారు. కలాంకు పదేళ్లప్పుడు, అయిదో తరగతిలో, శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే మాస్టారు పక్షి ఎలా ఎగురుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. పాఠం అయ్యాక అర్థమైందా అని అడిగితే, కాలేదని కలాం దాచకుండా చెప్పేశాడు. మాస్టారు కోప్పడలేదు. ఆ సాయంత్రం పిల్లలందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి, ఎగిరే పక్షులనే చూపించి, రెక్కల పని, తోక పని విడమరిచి చెప్పారు. ఆకాశయానం మీద తనకు మనసు పోయింది అక్కడేనని కలాం గారు పెద్దయ్యాక ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

మనసు పడితే చాలదు గదా, డబ్బు కావాలి. మద్రాసు ఎం.ఐ.టి.లో చేరడానికి సుమారు వెయ్యి రూపాయలు అవసరమైతే, అక్క జొహరా గారు తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. ఆ చదువే ఆయన్ని శ్రీహరికోటకు చేర్చింది. ఆయన నాయకత్వంలో తయారైన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1982లో హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.కు డైరెక్టరుగా వచ్చి, చాలా ఏళ్లు తెలుగు నేల మీదే పనిచేశారు.

ఒకసారి ఆయన ఉపన్యాసం విన్న పదేళ్ల పాప ఆటోగ్రాఫు కోసం దగ్గరికి వచ్చింది. నీ ఆశయం ఏమిటని ఆయన అడిగారు. అభివృద్ధి చెందిన భారతదేశంలో బతకాలని ఉందని ఆ పాప చెప్పింది. 1998లో వై.ఎస్. రాజన్ గారితో కలిసి రాసిన 'ఇండియా 2020' పుస్తకాన్ని కలాం గారు ఆ పాపకూ, అదే కోరిక గల కోట్లాది మందికీ అంకితం ఇచ్చారు. ఏ మంత్రికో, ఏ ధనవంతుడికో కాదు సుమా!

2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతిగా ఉన్నా, పిల్లలతో మాట్లాడటం ఆయన మానలేదు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యాసమిస్తూనే కుప్పకూలి కన్నుమూశారు.

ఇక మన రాజుపాలెం సంగతి. గుంటూరులోనో, నరసరావుపేటలోనో ఒక శాస్త్రవేత్త సభ ఉందంటే మనం మగపిల్లవాణ్ణి పంపడానికే బస్సు చార్జీ లెక్క వేస్తాం. ఆడపిల్లనైతే ఇంట్లోనే ఉండమంటాం. ఆటోగ్రాఫు అడిగింది ఆడపిల్లే అన్న సంగతి మరిచిపోతాం. ఏడాదికి ఒక్కసారైనా మన పిల్లల్ని, ఆడపిల్లల్ని కూడా, అలాంటి సభకు తీసుకుపోయే ఖర్చు సంఘం పెద్దలు తీసి ఉంచాలని మనవి. జొహరా అక్క గాజులు ప్రతి ఇంట్లోనూ ఉండవు. ఆ గాజులు చేసిన పని మన సంఘం చెయ్యవచ్చు.