గడి లేని మనిషి

డేటాబేసులోని పట్టిక నిర్వచనాన్ని చదివి, దానిని మూసలో పోసి దస్త్రాలను పుట్టించే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. ఇది కొత్త విద్య అని చాలాకాలం భ్రమపడ్డాను. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కరణాలు ఏనాడో ఈ పనే చేశారు.

1802 నాటి శాశ్వత శిస్తు విధానంతో ఈ నేలలో చాలా భాగం విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కిందకు వెళ్లింది. 1948 చట్టం జమీందారీలను రద్దుచేసి భూములను రైత్వారీలోకి తెచ్చింది. కరణం అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట అని గడులుండేవి. ఊరూరా గడులు ఒక్కటే, నింపే పేర్లే వేరు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. 2015లో మీభూమి వచ్చాక, సర్వే నంబరు ఇస్తే చాలు, డేటాబేసులోని వరుస అదే మూసలో ఒదిగి అడంగల్‌గా బయటికొచ్చింది.

అడంగల్‌లో అనుభవదారుకు గడి ఉంది. 1-బిలో ఉన్నది పట్టాదారుకే. ఏళ్లుగా ఆ పొలం దున్నుతున్న కౌలురైతు అందులో కనబడడు. మూస అబద్ధమాడదు, గడి లేని మనిషిని చూడనూ లేదు.

అందుకే ఇప్పుడు ఏ పట్టికను నిర్వచించబోయినా, ఎవరికి గడి లేకుండా పోతోందని ఒకసారి ఆగి చూసుకుంటాను.